బ్యాటరీ అమరికలు: అంకెల వెనుక రసాయనం

ఇంటికప్పుపై సౌరఫలకాలు, గోడకు ఇన్వర్టరు, దాని ప్రక్కన బ్యాటరీ. ఈ మూడూ అమర్చి వెళ్ళిన పనివాడు ఇన్వర్టరులో కొన్ని అంకెలు నమోదు చేసి పోతాడు. బ్యాటరీని ఎంతవరకు నింపాలి, ఎంతవరకు వాడుకోవాలి అన్నది ఆ అంకెలు చెబుతాయి. అవి యంత్రానికి సంబంధించినవని చాలామంది భావిస్తారు. నిజానికి అవి బ్యాటరీలోని రసాయనిక చర్యకు సంబంధించినవి.

కరెంటు కోతల నాటి నుండి ఆంధ్రదేశపు ఇళ్ళలో ఉన్నది సీసపు బ్యాటరీ. 1859లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు గాస్టన్ ప్లాంటే దీనిని రూపొందించాడు. సీసపు పలకలు, సీసపు ఆక్సైడు పలకలు సల్ఫ్యూరిక్ ఆమ్లంలో మునిగి ఉంటాయి. విద్యుత్తు వాడుకొనేకొద్దీ రెండింటిపైనా సీసపు సల్ఫేటు ఏర్పడుతుంది. ఛార్జి చేస్తే అది తిరిగి సీసంగా, ఆక్సైడుగా మారుతుంది. అయితే ఖాళీ బ్యాటరీని వారాల తరబడి వదిలివేస్తే సల్ఫేటు స్ఫటికాలు పెరిగి గట్టిపడతాయి. ఆపై ఎంత విద్యుత్తు పంపినా లొంగవు. కనుక సగానికి మించి వాడకపోవడం, వాడినదానిని వెంటనే నింపడం దీనికి క్షేమం.

12 వోల్టుల సీసపు బ్యాటరీని సాధారణంగా 14.4 వోల్టుల దరిదాపుల్లో నింపి, 13.6 ప్రాంతంలో నిలుపుతారు. అంతకు మించితే లోపలి నీరు హైడ్రోజన్, ఆక్సిజన్ వాయువులుగా విడిపోతుంది. వేడికి ఈ చర్య ముమ్మరిస్తుంది. అందుచేత 25 డిగ్రీల సెంటిగ్రేడుకు పైన ప్రతి డిగ్రీకీ సుమారు 0.03 వోల్టు తగ్గించాలి. బెజవాడ ఎండల్లో 40 డిగ్రీల వద్ద ఇది దాదాపు అర వోల్టు!

సెలవులకు వెళ్ళిన సంతానం తల్లిదండ్రుల పాత బ్యాటరీని తీసి, అదే ఇన్వర్టరుకు లిథియం బ్యాటరీ తగిలించి రావడం కద్దు. చిక్కు ఇక్కడే వస్తుంది. ఇళ్ళలో నేడు విరివిగా వాడే లిథియం ఐరన్ ఫాస్ఫేటు పదార్థాన్ని 1997లో ఆస్టిన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయం నుండి గుడినఫ్ బృందం ప్రకటించింది. ఆ పరిశోధన పత్రంలో మొదటి పేరు అక్షయ పాధీది. ఇందులో సల్ఫేటు లేదు, గట్టిపడే స్ఫటికాలు లేవు. లిథియం అయానులు ఫాస్ఫేటు నుండి గ్రాఫైటుకూ, తిరిగి ఫాస్ఫేటుకూ ప్రయాణిస్తాయి, అంతే. సగం ఖాళీగా ఉండటం దీనికి హాని కాదు. వేడిలో ఎల్లవేళలా నిండుగా ఉండటమే వయసు పైబడేలా చేస్తుంది. నాలుగు ఘటాలకు గరిష్ఠ పరిమితి 14.6 వోల్టులు. సీసపు పలకలను శుద్ధి చేసే ఈక్వలైజేషన్ అమరిక 15.5 వోల్టులు దాటవచ్చు. లిథియానికి దానిని తప్పక ఆపివేయాలి. వోల్టేజిని బట్టి నిల్వను అంచనా కట్టడమూ కుదరదు, ఎందుకంటే నిల్వ 80 శాతం నుండి 20 శాతానికి తగ్గినా వోల్టేజి అంతగా మారదు. కాబట్టి బ్యాటరీలోని రక్షణ వలయాన్ని ఇన్వర్టరుతో తీగ ద్వారా కలపడమే మేలు.

చలిదేశాల వారికి మరొక జాగ్రత్త. సున్నా డిగ్రీల దిగువన ఛార్జి చేస్తే అయానులు గ్రాఫైటులోనికి చొరలేక దానిపై లోహంగా పేరుకొంటాయి. ఆ నష్టం తిరిగి రాదు. గరాజులో బ్యాటరీ ఉన్నవారు శీతల నిరోధపు అమరికను సరిచూసుకోవాలి.

ఇక అత్యవసర నిల్వ. కాలిఫోర్నియాలో 2023 ఏప్రిల్ నడిమి నుండి కొత్త దరఖాస్తుదారులకు మిగులు విద్యుత్తుపై రాబడి బాగా తగ్గింది. అందుచేత సాయంత్రం బ్యాటరీని అడుగంటా వాడుకోవాలన్న ఆశ సహజమే. కాని 2021 ఫిబ్రవరిలో టెక్సస్‌లో లక్షలాది ఇళ్ళు గడ్డకట్టే చలిలో చీకటిపాలయ్యాయి, కొన్ని రోజుల తరబడి. 10 యూనిట్ల బ్యాటరీలో 20 శాతం మిగిలితే 2 యూనిట్లు. ఒక ఫ్రిజ్ సుమారు రోజు నడుస్తుంది. 350 వాట్ల ఆక్సిజన్ యంత్రం మాత్రం ఆరు గంటలు కూడా నడవదు. అట్టి వృద్ధులున్న ఇంట ఆ అంకెను 50కి పైన ఉంచడం, తుఫాను హెచ్చరిక వచ్చిన నాడు 100కు మార్చడం అవసరం.