ఇల్లు లాగెడి బండి

1947లో ఆల్‌ఫ్రెడ్ లెతూర్నర్ అను ఫ్రెంచి సైకిలు వీరుడు, కాపురముండదగిన యొక ఎయిర్‌స్ట్రీమ్ ట్రైలరును తన సైకిలునకు కట్టి లాగెను. వాలీ బయమ్ స్థాపించిన ఎయిర్‌స్ట్రీమ్ సంస్థ యా దృశ్యమునే తన చిహ్నముగా స్వీకరించినది. చక్రములపై నిలిచిన భారమును సమతలమున కదలించుట దుస్సాధ్యము కాదని ఆ ఛాయాచిత్రము చెప్పుచున్నది. అయితే కొండనెక్కుట, వాలున దిగుట, వేగమున నిలుపుట, అన్నింటికిని మించి ఆ భారములో కొంత తన వెన్నుపై మోయుట అను కష్టములకు ఆ చిత్రమున చోటు లేదు.

1925లో ఫోర్డు సంస్థ మోడల్ టి కారునకు వెనుక తొట్టి నమర్చి విక్రయించినపుడు దాని ఇంజనుకు గల శక్తి 20 అశ్వశక్తులు మాత్రమే. నేటి పికప్ ట్రక్కులలో 10,000 పౌనులకు మించి లాగునని ప్రకటింపబడునవి పెక్కులు గలవు. చిరకాలము ప్రతి సంస్థయు ఈ సంఖ్యను తనకు దోచిన రీతిని నిర్ణయించుకొనుచుండగా, 2008లో అమెరికా మోటారు ఇంజనీర్ల సంఘము జె 2807 అను ఏకప్రమాణమును వెలువరించెను. ఆరిజోనాలో కొలరాడో నదికి చేరువనున్న డేవిస్ డ్యామ్ వాలు దానికి పరీక్షాస్థలము. నూరు ఫారెన్‌హీటు డిగ్రీల యెండలో, ఎయిర్‌కండిషనరు పూర్తిగా నడచుచుండగా, 11.4 మైళ్లలో సుమారు 3,000 అడుగులెక్కెడి యా దారిని, సాధారణ పికప్ గంటకు 40 మైళ్లకు తగ్గకుండ ట్రైలరుతో అధిరోహింపవలయును. నిజాయితీగల పరీక్ష యని నా దృఢాభిప్రాయము.

అయినను ఆ సంఖ్య నొక్కదానినే నమ్మి ట్రైలరు కొనువారు మోసపోవుదురు. ఎడ్లబండి తోలువారు సరుకును సర్దునపుడు నొగపై బరువు తగుమాత్రముండునట్లు చూచుకొందురు గదా. ట్రైలరునకును అదియే ధర్మము. దాని బరువులో నూటికి 10 మొదలు 15 పాళ్లు ముందరి కొక్కెముపై నుండవలెను. అంతకు తగ్గి, భారము వెనుకకు జరిగినచో, వేగము హెచ్చినకొలది ట్రైలరు ప్రక్కలకూగుట మొదలై, ఆ ఊపు తనంతట తాను అణగక పెరిగి, ట్రక్కునే త్రోవ తప్పింపగలదు.

కావున 8,000 పౌనుల ట్రైలరు సుమారు 1,000 పౌనులను ట్రక్కుపై మోపును. 10,000 పౌనులు లాగునని ప్రకటింపబడిన యొక ట్రక్కున, డ్రైవరు తలుపు చట్రమున నంటించిన చీటీలో మోయదగిన బరువు 1,500 పౌనులని యున్నదనుకొందము. కొక్కెపు సామగ్రికి నూరు పోగా మిగిలిన 400 పౌనులు తలిదండ్రులకును ఇద్దరు పిల్లలకునే చాలవు. ఇక సామానులకు తావెక్కడ? లాగెడి శక్తి ఇంకను 2,000 పౌనులు మిగిలియుండగనే మోసెడి శక్తి ముగిసినది! భారమును ముందరి యిరుసునకును ట్రైలరు ఇరుసులకును పంచెడి స్ప్రింగు కడ్డీల కొక్కెము స్టీరింగు పట్టును నిలుపును గాని, చీటీలోని సంఖ్యను పెంచజాలదు.

కంపెనీ పత్రములలోని ట్రైలరు బరువు సాధారణముగా వట్టి బండిది. 50 అమెరికను గ్యాలనుల నీరు నింపినంతనే 400 పౌనులకు పైగా చేరును. వంటగ్యాసు, బ్యాటరీలు, పాత్రలు, పడకలు వేరు. అందుచే ట్రైలరు తయారీదారు అనుమతించిన గరిష్ఠభారముతోనే లెక్క ప్రారంభింపవలెను. పిమ్మట కుటుంబమంతయు కూర్చుండి, సరంజామా నెక్కించి, రహదారి ప్రక్కనుండు లారీల కాటాపై ట్రక్కు ముందరి యిరుసును, వెనుక యిరుసును, ట్రైలరు ఇరుసులను వేరువేరుగా తూచి, ఒక్కొక్కదానిని దాని పరిమితితో సరిచూచుకొన్న తరువాతనే కొండదారి పట్టవలెను.