సైనికుల మూత్రపరీక్ష: ఫలితం చెప్పేదెంత, చెప్పనిదెంత

అమెరికా సైన్యంలో చేరిన ప్రతి వ్యక్తీ, హోదా ఏదైనా సరే, ముందస్తు కబురేదీ లేకుండా ఒక ఉదయం మూత్రపు నమూనా ఇవ్వమన్న ఆదేశానికి లోబడవలసి ఉంటుంది. వ్యక్తిపై ఏ అనుమానమూ లేకుండా చీటీ తీసినట్లు పేర్లు ఎంచి జరిపే ఈ మాదకద్రవ్య పరీక్షను యాదృచ్ఛిక పరీక్ష అంటారు. నాలుగు దశాబ్దాలకు పైగా ఇది అక్కడి సైనిక జీవితంలో భాగమే అయినా, దాని చుట్టూ పాతుకుపోయిన అపోహలు ఇంకా తొలగలేదు. కొన్ని అపోహలు పరీక్షకు లేని శక్తిని అంటగడతాయి, మరికొన్ని సైనికుడికి చట్టం కల్పించిన రక్షణలను మరుగుపరుస్తాయి. ఒక మనిషి కొలువూ పరువూ ఒక సీసాడు నమూనాపై ఆధారపడే చోట ఈ రెండు రకాల పొరపాట్లూ ప్రమాదకరమైనవే.

ఈ పరీక్షలు మొదటినుంచీ శిక్షించడానికే పుట్టాయన్నది బాగా ప్రచారంలో ఉన్న అపోహ. 1971 జూన్‌లో అధ్యక్షుడు నిక్సన్ ఆదేశంతో ఇవి ప్రారంభమైనప్పుడు వియత్నాంలోని అమెరికా సైనికుల్లో హెరాయిన్ వాడకం తీవ్రస్థాయికి చేరి ఉంది. స్వదేశానికి వెళ్లే విమానం ఎక్కేముందు ప్రతి సైనికుడూ నమూనా ఇవ్వాలనీ, మత్తుమందు ఆనవాలు కనిపించినవారిని ఆపి, శరీరం నుంచి మందు ప్రభావం తొలగేదాకా వైద్యం చేసి పంపాలనీ అప్పటి ఏర్పాటు. అలా తిరిగివెళ్లిన వారిని పరిశోధకురాలు లీ రాబిన్స్ అధ్యయనం చేసినప్పుడు, వియత్నాంలో వ్యసనపరులైన వారిలో స్వదేశం చేరిన మొదటి ఏడాదిలో మళ్లీ వ్యసనానికి లోనైనవారు సుమారు 5 శాతమేనని తేలింది. హెరాయిన్ పట్టిన మనిషి ఇక బాగుపడడన్న నమ్మకాన్ని కదిలించిన ఈ ఫలితం వైద్యశాస్త్ర చరిత్రలో చిరకాలం చర్చకు నిలిచింది.

శిక్షవైపు మలుపు తిరిగింది 1981లో. ఆ ఏడాది మే 26 రాత్రి, ఫ్లోరిడా తీరానికి దూరంగా సముద్రంలో ఉన్న విమానవాహక నౌక నిమిట్జ్‌పై దిగుతూ ఒక ప్రౌలర్ యుద్ధవిమానం కూలి 14 మంది మరణించారు. మరణించిన డెక్ సిబ్బందిలో కొందరి శరీరాల్లో గంజాయి ఆనవాళ్లు కనిపించడంతో, ప్రమాదానికి గంజాయే కారణమన్న మాట నేటికీ వినిపిస్తుంది. అయితే విమానంలో ఉన్నవారెవరిలోనూ గంజాయి ఆనవాళ్లు లేవు. నౌకాదళం దృష్టి పెట్టింది పైలట్ పొరపాటుపైనా, అతని రక్తంలో మోతాదుకు మించి కనిపించిన జలుబు మందుపైనా. విమానవాహక నౌక డెక్‌పై గంజాయి వాడినవారు పనిచేయడం ఎంతమాత్రం సహించదగిన విషయం కాదు, ఆ ఆందోళన సబబైనదే. కానీ ఒక విధానం అవసరమైనదని నిరూపించడానికి ఒక ప్రమాదానికి లేని కారణాన్ని అతికించనక్కరలేదు. 1981 డిసెంబరులో రక్షణశాఖ ఉపమంత్రి ఫ్రాంక్ కార్లుచ్చి జారీచేసిన ఉత్తర్వుతో పరీక్ష ఫలితాలను క్రమశిక్షణ చర్యలకు వాడుకునే దారి తెరుచుకుంది. సైనికులే స్వయంగా ఇచ్చిన జవాబులపై ఆధారపడిన రక్షణశాఖ సర్వేల ప్రకారం, గడచిన 30 రోజుల్లో నిషిద్ధ మాదకద్రవ్యం వాడినవారు 1980లో 27.6 శాతం కాగా 1998 నాటికి 2.7 శాతానికి తగ్గారు. ఈ తగ్గుదలలో పరీక్షల పాత్ర కాదనలేనిదే అయినా, ఆ కాలంలో పౌరసమాజంలోనూ వాడకం తగ్గిందన్న సంగతిని పక్కన పెట్టి మొత్తం ఘనతను పరీక్షలకే ఇవ్వడం సరికాదు.

యాదృచ్ఛికం అన్నది పేరుకేననీ, అధికారి తనకు గిట్టనివారినే పిలిపిస్తాడనీ అనుకోవడం మరో అపోహ. పేర్లను ఎంచేది కంప్యూటర్ ప్రోగ్రామ్. ఒకసారి పేరు వచ్చినవారిని మళ్లీ జాబితాలో చేర్చే పద్ధతి వల్ల ఒకరికి ఒకే నెలలో రెండుసార్లు పిలుపు రావచ్చు, మరొకరికి చాలాకాలం రాకపోవచ్చు. సగటున మనిషికి ఏడాదికొక పరీక్ష అన్న లెక్క ఒక్కొక్కరికీ విడిగా వర్తించదు. రెండోసారి పేరు వచ్చిన సైనికుడికి అది కక్షసాధింపులా తోచడం సహజమే గాని, నిజమైన రక్షణ ఆ అంధమైన ఎంపికలోనే ఉంది. సైనిక సాక్ష్య నియమావళిలోని 313వ నియమం ఇటువంటి పరీక్షను తనిఖీగా గుర్తిస్తుంది. అంటే దళం సన్నద్ధతను కాపాడటం దాని ప్రధానోద్దేశమై ఉండాలేగాని, ఒకరిపై నేరం మోపడానికి ఆధారాలు వెతకడం కాకూడదు. ఒక నేరం గురించి సమాచారం అందిన వెంటనే, అంతకుముందు నిర్ణయించని పరీక్షను హడావిడిగా జరిపితే, అది నిజంగా తనిఖీయేనని స్పష్టమైన, నమ్మదగిన ఆధారాలతో నిరూపించే భారం ప్రాసిక్యూషన్‌పై పడుతుంది. చట్టపరంగా చాలినంత ఆధారం లేకుండా, కేవలం అనుమానంతో అధికారి ఒక వ్యక్తిని పరీక్షకు పంపితే, ఆ ఫలితాన్ని కోర్టు మార్షల్‌లో, అంటే సైనిక న్యాయస్థాన విచారణలో, నేరనిరూపణకు వాడే వీలు సాధారణంగా ఉండదు. నమూనా ఎందుకు తీసుకున్నారన్న ప్రశ్నకు నమూనాలో ఏముందన్న ప్రశ్నతో సమానమైన బరువు ఉందన్నమాట, సైనికులు అన్నిటికన్నా తక్కువగా ఎరిగిన విషయం కూడా ఇదే.

నీళ్లు విపరీతంగా తాగితేనో, వెనిగర్ పుచ్చుకుంటేనో, వేరొకరి మూత్రం తెచ్చి ఇస్తేనో గట్టెక్కవచ్చన్న మాటలు సైనిక నివాసాల్లో తరం నుంచి తరానికి పాకుతూనే ఉన్నాయి. కానీ వేరొకరి మూత్రం ఇచ్చే వీలు లేకుండా, నమూనా ఇచ్చే సమయంలో అదే లింగానికి చెందిన పరిశీలకుడు ఎదుటే నిలబడి, మూత్రం శరీరం నుంచి సీసాలో పడటాన్ని కళ్లారా చూడాలన్నది నియమం. ఇది మనిషి మర్యాదకు కష్టం కలిగించే ఏర్పాటే. అయినా పరీక్షకు నిరాకరిస్తే చట్టబద్ధమైన ఆదేశాన్ని ధిక్కరించిన నేరం అవుతుంది.

ప్రయోగశాల యంత్రం పొరబడి నిర్దోషిని పట్టిస్తుందన్న భయం ఒకవైపు, యంత్రం చెప్పింది తిరుగులేనిదన్న విశ్వాసం మరొకవైపు ఉన్నాయి. పరీక్ష రెండు అంచెల్లో సాగుతుంది. మొదటిది ఇమ్యునో అస్సే, అంటే ప్రతిదేహాల సాయంతో ఒక జాతి పదార్థాలన్నిటినీ కలిపి పసిగట్టే వడపోత. అక్కడ పాజిటివ్ వచ్చిన నమూనాలో కొత్త భాగం తీసుకుని, నిర్దిష్టమైన ఒక్క అణువును గుర్తుపట్టి కొలిచే మాస్ స్పెక్ట్రోమెట్రీ పద్ధతితో ధ్రువపరుస్తారు. గంజాయి విషయంలో వడపోత పరిమితి మిల్లీలీటరుకు 50 నానోగ్రాములు, ధ్రువీకరణ పరిమితి 15 నానోగ్రాములు (నానోగ్రాము అంటే గ్రాములో వందకోట్లవ వంతు). మొదటి పద్ధతి అనేక పదార్థాలను కలిపి లెక్కిస్తుంది, రెండోది ఒక్కదాన్నే లెక్కిస్తుంది కనుకనే ఈ తేడా. పరిమితికి దిగువన ఉన్నదంతా నెగటివ్‌గానే నమోదవుతుంది, అంతమాత్రాన అందులో ఏమీ లేదని అర్థం కాదు. పక్కవారు పీల్చిన గంజాయి పొగ సోకినంత మాత్రాన పాజిటివ్ వస్తుందన్న వాదన చాలావరకు నిలబడనిది కూడా ఈ పరిమితుల వల్లే. గాలి ఆడని మూసిన గదిలో దట్టమైన పొగ మధ్య కూర్చుంటే తప్ప ఆ స్థాయి అందదు.

రసాయనశాస్త్రం కన్నా కాగితాలే పెద్ద ప్రమాదమని చరిత్ర చెబుతుంది. 1980ల తొలినాళ్లలో పరీక్షలను ఒక్కసారిగా పెంచడంతో సైనిక ప్రయోగశాలలు తట్టుకోలేకపోయాయి. నమూనా ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి మారిందో నమోదుచేసే పత్రాలు అస్తవ్యస్తమయ్యాయి. చివరికి 1984లో వేలాది పాత ఫలితాలకు చాలినంత ఆధారం లేదని సైన్యమే ఒప్పుకుని, ఆ సైనికులకు తమ రికార్డులు సవరించమని కోరే అవకాశం ఇవ్వవలసి వచ్చింది. ఈనాడు ప్రతి సీసాకూ లేబులు అంటించి, సైనికుడి చేత పొడి సంతకం చేయించి, విప్పితే తెలిసిపోయే టేపుతో మూసి పంపే పద్ధతి ఆ చేదు అనుభవం నేర్పినదే. పరీక్ష అన్ని మత్తుపదార్థాలనూ పట్టేస్తుందన్నది కూడా నిజం కాదు. ఏ పదార్థాలకు పరీక్షించాలన్న జాబితా వాడకాన్ని బట్టి మారుతుంటుంది. 2006లో మామూలు జాబితా నుంచి తొలగించిన ఎల్‌ఎస్‌డీని 2020లో మళ్లీ చేర్చారు.

గసగసాలు తింటే పరీక్షలో పట్టుబడతారన్న మాటను చాలామంది కట్టుకథగా కొట్టిపారేస్తారు గాని అందులో నిజముంది. నల్లమందు, గసగసాలు ఒకే మొక్క కాయ నుంచి వస్తాయి. కాయ కోసేటప్పుడు పాలు గింజలకు అంటుకోవడం వల్ల మార్ఫిన్, కోడీన్ స్వల్పంగా వాటిపై నిలుస్తాయి. కొన్ని రకాల గింజల్లో కోడీన్ మోతాదు మునుపటి అంచనాలను మించి ఉన్నట్లు గమనించిన రక్షణశాఖ, 2023 ఫిబ్రవరిలో గసగసాలతో చేసిన రొట్టెలు, తినుబండారాలకు దూరంగా ఉండమని సైనికులందరినీ హెచ్చరించింది. కుర్మాలోనో, మసాలా కూరలోనో, పాయసంలోనో గసగసాలు నూరి వేయడం అలవాటైన తెలుగు ఇళ్ల నుంచి ఆ సైన్యంలో చేరే యువతీయువకులకు ఈ హెచ్చరిక నేరుగా వర్తిస్తుంది, ఇంటివారికి ముందే చెప్పి ఉంచవలసిన మాట కూడా ఇదే. రాష్ట్రంలో గంజాయి చట్టబద్ధమైతే సైనికుడూ వాడవచ్చనుకోవడం మాత్రం పూర్తిగా పొరపాటు. సైనికుడికి వర్తించేది సమాఖ్య చట్టం. గంజాయి జాతి మొక్కే అయిన హెంప్‌తో చేసి, బజారులో స్వేచ్ఛగా అమ్మే ఉత్పత్తులను సైతం రక్షణశాఖ సైనికులకు నిషేధించింది.

చివరిదీ, అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేదీ, పాజిటివ్ అంటే నేరం రుజువైనట్లేనన్న అపోహ. పరీక్ష కొలిచేది చాలావరకు శరీరం మందును జీర్ణించుకోగా మిగిలిన పదార్థాన్ని. అది ఫలానా మందు దేహంలోకి చేరిందని మాత్రమే చెబుతుంది. ఆ వ్యక్తి డ్యూటీలో మత్తులో ఉన్నాడో లేదో, తెలిసే పుచ్చుకున్నాడో ఎవరైనా పానీయంలో కలిపి ఇచ్చారో అది చెప్పలేదు. సైనిక న్యాయస్మృతిలోని 112ఏ అధికరణ శిక్షించేది అక్రమమైన వాడకాన్నే, అందుకు తెలిసి వాడటం అవసరం. నిపుణుడి సాక్ష్యంతో కూడిన ఫలితం నుంచి తెలిసే వాడాడని న్యాయనిర్ణేతలు ఊహించవచ్చునే గాని, అలా ఊహించి తీరాలని నిర్బంధం లేదు. అయితే కోర్టులో గెలిస్తే చాలన్నదీ భ్రమే. చాలా కేసులు కోర్టు మార్షల్ దాకా పోనేపోవు, వాటిని కొలువు నుంచి తొలగించే పాలనాపరమైన ప్రక్రియలోనే తేలుస్తారు. అక్కడ సందేహాతీతమైన రుజువు అక్కరలేదు, ఆధారాల మొగ్గు ఎటు ఉందన్నదే కొలమానం. గౌరవప్రదం కాని విడుదల పొందినవారు చదువుకు సాయపడే జీఐ బిల్లు ప్రయోజనాన్ని కోల్పోతారు. ఆరేళ్లకు పైబడి సేవ చేసినవారికి, తొలగింపునకు ముందు ఒక బోర్డు ఎదుట న్యాయవాదితో హాజరై తమ వాదన వినిపించుకునే హక్కు ఉంది. నోటీసు అందగానే తొందరపడి సంతకం పెట్టి ఆ హక్కును వదులుకోకపోవడం వారి చేతుల్లోనే ఉంది.