ఎడ్లు ఆగిన చోట... తండా!

చలికాలం మొదలైతే చాలు, జహీరాబాద్ చుట్టుపక్కల తండాల్లో చాలా ఇళ్లకు తాళాలు పడతాయి. మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకున్న జంటలు చెరకు కోతకు బయల్దేరతాయి. ఇంటి దగ్గర మిగిలేది ముసలివాళ్లూ, పిల్లలే.

ఒకప్పుడు వీళ్ల పూర్వీకులూ ఇలాగే ఇల్లు వదిలి వెళ్లేవారు... కూలీలుగా కాదు, వ్యాపారులుగా! వేల ఎడ్ల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని దక్కన్ అంతా తిరిగేవారు. లవణం మోశారు కాబట్టే 'లంబాడీలు' అన్న పేరు వచ్చిందంటారు. 1791-92లో శ్రీరంగపట్నం మీదికి వెళ్లిన కార్న్‌వాలిస్ సైన్యానికి తిండిగింజలు అందించిందీ ఈ బంజారాలే. వాళ్లు రాకపోతే యుద్ధమే ఆగిపోయేది.

మరి ఆ వైభవం ఏమైంది?

ఉప్పు బ్రిటిష్ ప్రభుత్వ గుత్తాధిపత్యంలోకి వెళ్లింది. 1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కు రైలొచ్చింది. ఎడ్ల మంద నెలల తరబడి మోసే సరకును రైలు ఒక్క రోజులో చేరవేసింది. అడవులను ప్రభుత్వాలు తమ అధీనంలోకి తీసుకోవడంతో మేతా కరవైంది. బేరం పోయిన సంచారులు 'అనుమానితులు' అయ్యారు. 1871 నాటి నేరస్థ జాతుల చట్టం ఎన్నో బంజారా బృందాలపై ఆ ముద్ర వేసింది. అది రద్దయింది 1952లో!

సరిగ్గా ఆ రోజుల్లోనే అమెరికాలోనూ ఇదే కథ. దక్షిణ మైదానాలను గుర్రాల మీద ఏలిన కోమాంచీలను మశూచి, కలరా కుంగదీశాయి. తోళ్ల వేటగాళ్లు వాళ్ల బతుకుతెరువైన బైసన్ దున్నల మందలను తుడిచిపెట్టారు. 1875లో క్వానా పార్కర్ దండు ఫోర్ట్ సిల్ దగ్గర లొంగిపోయింది. అక్కడ దున్న, ఇక్కడ ఎద్దు... ఆధారం పోయాక జాతి గతే మారిపోయింది.

ఎడ్లు ఆగిన చోట తండాలు వెలిశాయి. మెట్ట చెలకలే దిక్కయ్యాయి. 1976 చట్టంతో తెలంగాణ లంబాడీలు ఎస్టీలయ్యారు. విచిత్రమేమిటంటే, జహీరాబాద్ దాటి బీదర్ వైపు వెళ్తే అదే భాష, అదే గోత్రమున్న చుట్టాలు ఎస్సీలు! మహారాష్ట్రలోనైతే విముక్త జాతుల జాబితాలో ఉన్నారు. గీత ప్రభుత్వాలది, బంధుత్వం వాళ్లది.

2018 పంచాయతీరాజ్ చట్టంతో ఎన్నో తండాలు సొంత పంచాయతీలయ్యాయి. తండావాసే సర్పంచి కుర్చీలో కూర్చున్నాడు. మరి ఆ తలుపులకు పడే తాళం? కోతకు వెళ్లే తల్లిదండ్రుల వెంట బడి మానేసి వెళ్లే పిల్లాడు తండాలోనే ఉండి చదువుకున్న రోజున అది తెరుచుకున్నట్టు!