కత్తెరకు ముందే పూర్తయ్యే పెళ్లి జాకెట్టు

పెళ్లికూతురి చీర ఎక్కడిదని అడిగితే ఊరి పేరే జవాబు. గద్వాల, కంచి, ఉప్పాడ, పోచంపల్లి. జాకెట్టు గురించి అడిగితే మాత్రం ‘మదీనాగూడలో చేయించాం’ అంటారు. చేయించింది అక్కడే. చేసిన మనిషిది ఏ ఊరో అడిగేవాళ్లు అరుదు.

మియాపూర్ మెట్రో దగ్గర దిగి ముంబై హైవే మీద చందానగర్ వైపు వెళ్తే మదీనాగూడ. చుట్టుపక్కల ఐటీ ఉద్యోగుల అపార్ట్‌మెంట్లు, వాటి మధ్య కాలనీ సందులు. ఈ ప్రాంతపు చిన్న బొటిక్‌లు చాలావరకు ఒకటి రెండు గదుల్లోనే నడుస్తాయి. ముందు గదిలో నిలువుటద్దం, కొలతల పుస్తకం. లోపల గదిలో చెక్క మగ్గం, దాని చుట్టూ నేల మీద కూర్చుని పనిచేసే కారీగర్లు.

మామూలు జాకెట్టును కత్తిరించి కుడతారు. మగ్గం వర్కులో ఈ వరస తలకిందులవుతుంది. కొలతల ప్రకారం వీపు, ముందు భాగం, చేతులు ముందుగా గుడ్డ మీద గీస్తారు. డిజైన్‌ను ట్రేసింగ్ పేపర్ మీద వేసి, గీత వెంబడి సూదితో చిల్లులు పొడుస్తారు. అదే ఖాకా. దాన్ని గుడ్డ మీద పరిచి, కిరసనాయిల్లో కలిపిన తెల్లపొడిని గుడ్డ ఉండతో రుద్దితే నమూనా చుక్కలుగా కిందికి దిగుతుంది. కిరసనాయిలు ఆరిపోతుంది, చుక్కలు నిలుస్తాయి. ఆ గుడ్డను మగ్గానికి డప్పు చర్మంలా బిగించి కడతారు. పైచేతిలో కొక్కెం మొనతో ఆరి సూది, కిందిచేతిలో దారం. సూది దిగిన చోటే దారం అందాలి. కిందిచెయ్యి కంటికి కనపడదు, ఏళ్ల అలవాటుతో నడుస్తుంది. జర్దోసీకైతే సన్నని లోహపు స్ప్రింగును చిన్న ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కనూ పూసలా గుచ్చి కుట్టాలి. నెమలి మెడ ఉబ్బెత్తుగా రావాలంటే అడుగున దూదో, దారపు పొరలో వేయాలి. ఇదంతా అయ్యాకే కత్తెర.

అందుకే కొలత దగ్గర స్టూడియో అంత మొండిగా ఉంటుంది. అమ్మాయి కాస్త ఒళ్లు చేస్తే పక్క కుట్లలో వదిలిన మార్జిన్ ఆదుకుంటుంది. మెడ లోతు తప్పితే ఆదుకునేది లేదు, పని మొత్తం పోయినట్టే. డల్లాస్‌లో ఉన్న పెళ్లికూతురు వీడియో కాల్‌లో టేపు పట్టుకుని చెప్పే అంకెల కంటే, ఒంటికి సరిగ్గా పట్టిన ఆది జాకెట్టు ఒకటి పంపడం నా దృష్టిలో వెయ్యి రెట్లు నయం.

పూసలు, కుందన్లు, జరీ దారాల కోసం పాతబస్తీ బాట పట్టక తప్పదు. 2018లో ఎల్బీనగర్ దాకా మెట్రో వచ్చాక, మియాపూర్‌లో ఎక్కి ఎంజీబీఎస్‌లో దిగితే లాడ్‌బజార్, పత్తర్‌గట్టీ దగ్గరే. హైదరాబాదీ ముస్లిం పెళ్లికూతుళ్ల ఖడా దుపట్టా, ఆరు గజాల పొడవునా జరీ పనితో, తరతరాలుగా ఆ బజార్ల మీదే ఆధారపడింది. మదీనాగూడ మగ్గాలు దానికి దూరపు చుట్టాలేమీ కావు, అదే సూది, అదే జరీ.

ఈ పనిచేసే కారీగర్లలో చాలామంది ఉత్తరప్రదేశ్, పశ్చిమ బెంగాల్ నుంచి వచ్చినవాళ్లు. గద్వాల చీరకు 2010లో, లక్నో జర్దోసీకి 2013లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ గుర్తింపు ఊరికి ఉంటుంది గానీ, ఊరు వదిలి వచ్చిన కారీగర్ వెంట రాదు. ఆషాఢంలో, మూఢంలో పెళ్లిళ్లుండవు, మగ్గానికి పని తగ్గుతుంది. శ్రావణం వస్తూనే అందరికీ ఒకేసారి కావాలి. రంజాన్, బక్రీద్‌లకు కారీగర్లు ఊళ్లకు వెళ్తారని తెలిసిన స్టూడియో ఆ రోజులు తీసేసే తేదీ ఇస్తుంది. వారంలో ఇస్తామనే చోట ఆ వారం రాత్రుళ్లు ఎవరు మేలుకుంటారో ఊహించడం కష్టం కాదు.

చీరకు చెప్పిన ధర ఇచ్చేసి, జాకెట్టు దగ్గర గంటసేపు బేరమాడటం నాకు మింగుడుపడదు. చీర ధరలో పట్టుంది, జరీ ఉంది. జాకెట్టు ధరలో ఎక్కువ భాగం మనిషి వంగి కూర్చున్న గంటలే. పెళ్లి ముహూర్తం తెలియగానే వెళ్లి, ఎన్ని రోజులు పడుతుందో అడిగి, అన్ని రోజులూ ఇవ్వాలి. స్టూడియోవాళ్లను కోరేది ఒకటే. బిల్లు మీద డిజైన్ నంబరు ఎలాగూ రాస్తున్నారు. దాని పక్కనే, ఒప్పుకుంటే, కారీగర్ పేరు, ఊరు కూడా రాయండి.