పొయ్యిపై రాతిబండ

శీతలదేశముల యిండ్లలో చలిమంటకు గోడయందే గూడుండును. ఆ గూటి నెత్తిమీద అడ్డముగా నిలుపు రాతిని మాంటెల్ అందురు. ఉదకమండలపు పాత బంగళాలలో నిట్టివి కలవు. ఆర్మూరున చలి కొన్నినాళ్ల ముచ్చటయే గావున మనకు మంటయనగా వంటపొయ్యియే. అయినను పొయ్యిగూటిపై బండ నమర్చి, దానిమీద ఉప్పుజాడీ, దీపము నుంచుకొనుట మనకును సాధ్యమే. ఊరి ప్రక్కనే రాతిగుట్ట లుండగా రాతికేమి కొదువ?

అయితే ఆ బండ క్రిందనే తల్లులు కూర్చుండి వండుదురు. నాలుగడుగుల పొడవు, అడుగు వెడల్పు, మూడంగుళముల మందము గల గ్రానైటు బండ సరిగా ఒక ఘనపుటడుగగును; దాని తూకము రమారమి 75 కిలోలు. ఇంత బరువును సున్నమంటి పట్టుకొనునని తలచుట పొరపాటు. బండను మోయునది దాని రెండు కొనల క్రిందనున్న గోడయే.

రాయి ఎంత బరువునైన నెత్తిమీద మోయగలదు గాని వంగుట కోర్వలేదు. అందుచేతనే 1163 నాటి హనుమకొండ వేయిస్తంభముల గుడిలో రాతిదూలముల క్రింద స్తంభములు దగ్గరదగ్గరగా నిలిపిరి. ఎడము పెద్దదైనచోట కమాను మేలు. 1924లో ప్రతిష్ఠింపబడిన మెదకు చర్చిలో దీనిని చూడవచ్చును.

కావున మన నాలుగడుగుల బండకు గూటి వెడల్పు మూడడుగులు మించరాదు. ఇరుప్రక్కల ఆరేసి అంగుళములు గోడపై కూర్చుండవలయును. మట్టిగోడయైనచో కొనల క్రింద వెడల్పైన రాతిదిమ్మెలు వేయక తప్పదు, లేనిచో గోడ నలిగిపోవును. ఎత్తుటకు ముందు బండను సుత్తెతో తట్టి వినవలెను. ఖంగుమన్న మంచిది, బొద్దుగా పలికిన లోపల పగులున్నదని యర్థము. రెండు గోడల మట్టమును రసమట్టముతో సరిచూచి, తడిపిన గోడపై గచ్చు పరచి బండను దింపవలెను. ఎగుడుదిగుడైనచోట చిల్లరాళ్లు దోపు అలవాటు కలదు. అది చెడ్డది, బరువంతయు ఆ రాతిమొనపైననే పడును. గచ్చు గట్టిపడువరకు నడుమ కఱ్ఱపోటు తీయరాదు.

ఇక నిప్పు సంగతి. దక్షిణదేశమున రాళ్లు కొట్టువారు పరుపుబండపై మంటబెట్టి పొరలు లేపుదురు. రాతిలోని వేర్వేరు ఖనిజములు వేడికి వేర్వేరుగా వ్యాకోచించును. కాలిన పొర వ్యాకోచింప, చల్లని పొర కదలక నిలుచును. మన పొయ్యి మంట బండకు తగిలిన నదే జరుగును. కావున బండను మంటనాలుక యందని యెత్తున నిలుపవలెను. కాగిన రాతిపై చన్నీళ్లు చల్లరాదు.

బండ చెడినప్పుడు గుఱుతు మొదట అడుగు ముఖమున, నడిమిభాగమున, అడ్డముగా సన్నని చారయై కానవచ్చును. చాలమంది దానిని సున్నముతో పూసి మఱచెదరు. చార కనబడిన దినముననే క్రింద పోటు పెట్టి, పొయ్యిని వేరొకచోటికి మార్చి, బండను దింపింపవలయును.