లాగు తెచ్చిన తంటా

“మామయ్యా, కాళ్ళు ఓడలేదు, లాగు ఓడించింది!” అన్నాడు మేనల్లుడు డెన్వరు నుంచి ఫోనులో. నవ్వబోయి ఆగాను. కొలరాడోలో లెడ్‌విల్ అనే ఊరు పదివేల అడుగుల ఎత్తున ఉన్నది. అక్కడ 1994లో మొదలైన నూరుమైళ్ళ కొండదారి సైకిలు పందెంలో, తొడలు ఒరిసి పుండ్లు పడి, సగంలో దిగిపోయాడట పాపం!

తప్పెక్కడున్నదని ఆరా తీశాను. లాగులో కుట్టే మెత్త ఎంత దళసరిగా ఉంటే అంత సుఖమనుకొన్నాడు. మరీ మందమైనది ముడతలుపడి, చెమటకు నాని ఒరుస్తుంది. సైకిలుమీద మన బరువు మోసేవి పిరుదుల అడుగునున్న రెండెముకలు. మెత్త సరిగ్గా వాటికింద కదలకుండా ఉండాలి. కనుక అంగడిలో నిలబడి చూస్తే చాలదు. తొడుక్కొని, సైకిలెక్కి, ముందుకు వంగి చూడాలి. నిలబడ్డప్పుడు పసివాడి గుడ్డలా వికారంగా ఉన్నా ఫరవాలేదు. నడుముపట్టీ పొట్టను నొక్కుతుంటే, భుజాలమీదుగా పట్టీలున్న రకం మేలు. లోపల మరో లోదుస్తు పనికిరాదు. దాని కుట్లే ఒరుస్తాయి. (ఈ మాట విని మా ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది.)

ఆ మెత్తను షామీ అంటారు. పూర్వం షామీ అనే కొండజంతువు తోలుతో చేసేవారు. తడిసి ఆరితే అట్టకట్టేది. ఇప్పుడు కృత్రిమపు బట్ట, నురుగుమెత్త వచ్చాయి.

మావాడు మళ్ళీ పేరిచ్చాడు. పందెంనాడే కొత్తలాగు తొడగవద్దని గట్టిగా చెప్పాను. మొన్న ఆరుగంటలు కొండలెక్కి వచ్చి, “చెక్క కుర్చీలో కూర్చునే మాట్లాడుతున్నాను మామయ్యా!” అన్నాడు.