హెచ్‌పీవీ పాజిటివ్ వచ్చిందా? కంగారొద్దు!

రిపోర్టులో ‘హెచ్‌పీవీ పాజిటివ్’ అని కనిపించగానే చాలామందికి కాళ్లూ చేతులూ ఆడవు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ వచ్చేసిందనే అనుకుంటారు. మీకు అలాంటి రిపోర్టు వస్తే ముందు ధైర్యంగా ఉండండి. ఈ వైరస్ చాలా సాధారణం. ఎక్కువమందిలో రెండేళ్లలోపు దానంతటదే పోతుంది. కొద్దిమందిలో మాత్రం తిష్ఠ వేసి కణాలను మారుస్తుంది. ఆ మార్పులు క్యాన్సర్‌గా ముదరడానికి సాధారణంగా 15-20 ఏళ్లు పడుతుంది. రోగనిరోధక శక్తి తగ్గినవారిలో ఇంకా త్వరగా ముదరవచ్చు.

మరి ఆ కొద్దిమంది ఎవరు? హెచ్‌పీవీ పరీక్ష వైరస్ ఉందో లేదో చెబుతుందంతే. ప్యాప్ స్మియర్‌లో కణాల ఆకారం చూస్తారు. ఫలితం చూసేవారి అనుభవాన్ని బట్టి ఉంటుంది. అందుకే శాస్త్రవేత్తలు జన్యువుల మీద పడే ‘ఎపిజెనెటిక్’ గుర్తులపై దృష్టి పెట్టారు.

జన్యువుకు తాళం

కణాలు అదుపు తప్పకుండా కాపలా కాసే జన్యువులు కొన్ని ఉంటాయి. వైరస్ ఏళ్ల తరబడి ఉండిపోతే వీటిపై మిథైల్ అనే చిన్న రసాయన గుర్తులు పేరుకుంటాయి. జన్యువు రాత మారదు, కానీ తాళం పడినట్టు పనిచేయడం మానేస్తుంది. ఎఫ్ఏఎం19ఏ4, ఎంఐఆర్124-2 అనే జన్యువుల్లో ఈ గుర్తులను పసిగట్టే పరీక్ష ఇప్పటికే యూరప్‌లో అందుబాటులో ఉంది. హెచ్‌పీవీ కోసం తీసిన నమూనాతోనే దీన్నీ చేయొచ్చు.

గుర్తులు ఎక్కువగా ఉంటే వెంటనే కాల్పోస్కోపీ అవసరం. లేకపోతే ముప్పు తక్కువని అర్థం. అయినా డాక్టర్ చెప్పిన గడువుకు మళ్లీ పరీక్ష చేయించుకోవాల్సిందే. పిల్లలు కావాలనుకునేవారికి ఇది మరీ మేలు. ముఖద్వారంలో కొంత భాగం తీసేసే చికిత్సతో తర్వాత నెలలు నిండకుండా కాన్పయ్యే ముప్పు పెరుగుతుంది. అవసరం లేనివారికి ఆ చికిత్స తప్పుతుంది.

మీరేం చేయాలి?

మన ప్రభుత్వ స్క్రీనింగ్‌లో ఈ పరీక్ష ఇంకా చేరలేదు. దానికోసం ఎదురుచూడొద్దు.

* 30 ఏళ్లు నిండితే హెచ్‌పీవీ పరీక్ష చేయించుకోండి. నెగెటివ్ వస్తే 5-10 ఏళ్లకోసారి చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. హెచ్‌ఐవీ ఉన్నవారు 25 ఏళ్ల నుంచే మొదలుపెట్టి, 3-5 ఏళ్లకోసారి చేయించుకోవాలి.
* పాజిటివ్ వస్తే రిపోర్టును బీరువాలో దాచేయకుండా గైనకాలజిస్టుకు చూపించండి.
* కలయిక తర్వాత రక్తం కనిపించినా, ముట్లుడిగాక రక్తస్రావమైనా, దుర్వాసనతో తెల్లబట్ట అవుతున్నా వెంటనే వెళ్లండి.
* 9-14 ఏళ్ల ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా వేయించండి. టీకా వేయించుకున్నవారికీ పెద్దయ్యాక పరీక్షలు తప్పవు.